కవయిత్రికి కట్టిన మేడ

మా ఇంటి గేటుకు రెండేళ్ళ పాటు ఎర్ర ట్యాగు వేలాడింది. పరంజాలకు కట్టే ట్యాగు. వాడరాదు, ఎక్కరాదు అని నాలుగు భాషల్లో అచ్చు వేసి ఉంటుంది. వాటిలో తెలుగు లేదు. కింద సంతకం నాది, యర్రయ్య అని. తేదీ, నా భార్య సూరమ్మ పోయిన పదకొండో రోజుది.

నేను ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. తర్వాత ఈ దేశం వచ్చి నలభై ఏళ్ళు పరంజాలు కట్టాను, ఎక్కువ భాగం జురాంగ్ ఐలాండ్‌లో, నూనె కంపెనీల ట్యాంకుల చుట్టూ. పరంజా అంటే పైన పనిచేసేవాడి కాళ్ళ కింద నేల. కట్టడం సరిగ్గా ఉంటే సూపర్‌వైజరు పచ్చ ట్యాగు కడతాడు, ఏడు రోజులకోసారి తనిఖీ చేసి దాని మీద మళ్ళీ సంతకం పెడతాడు. లేకపోతే ఎర్రది. నేను పచ్చ కట్టిన పరంజా మీంచి ఒక్కడూ పడలేదు. నా గురించి చెప్పుకోదగ్గది ఇదొక్కటే, అందుకే అందరికీ చెబుతాను.

గేటు మీది ట్యాగు ఎదురింటి క్వెక్ కోసం కట్టాను. చోవా చూ కాంగ్‌లో మా బ్లాకు నాలుగో అంతస్తులో ఆమె గుమ్మానికీ మా గుమ్మానికీ మధ్య ఏడు అడుగులు. కొలిచాను. ఆ ఏడు అడుగుల్లో సూరమ్మ, క్వెక్ ఇరవై రెండేళ్ళు తిరిగారు. సూరమ్మ ఇక్కడే పుట్టింది. వాళ్ళ తాత విశాఖ నుంచి ఓడలో వచ్చాడు. మలయ్ మాట్లాడేది, క్వెక్ వాళ్ళ టియోచూ భాష కూడా మాట్లాడేది. క్వెక్ చీనా నాటకాల మనిషి. చిన్న సమాజం, అంతా ముసలివాళ్ళు, కూలికి కాదు, సరదాకి. సూరమ్మ వాళ్ళకు వేషాలు కట్టేది. కిరీటాలకు పిన్నులు, నడుములకు పట్టీలు. కిడ్నీలు పోయి వారానికి మూడు రోజులు మిషను మీద పడుకుంటూ కూడా, మిగతా సాయంత్రాలు అక్కడికే పోయేది. నేను ఇంట్లో టీవీ చూసేవాడిని.

సూరమ్మ పోయింది. ఊరికి ఆ చివర బిషాన్ నుంచి, సరిహద్దు అవతల జోహోర్ నుంచి జనం వచ్చారు. ఏడు అడుగుల దూరం నుంచి క్వెక్ రాలేదు. పది రోజులు చూశాను. పదకొండో రోజు ట్యాగు కట్టాను. నెల తిరిగాక ఆరు నారింజలు పట్టుకుని వచ్చింది. ట్యాగు చదివింది. నారింజలతో వెనక్కి పోయింది.

ఆమె కొడుకు పెళ్ళి సరిగ్గా ఆ వారమేనట. పెళ్ళి పెట్టుకున్న ఇంటివాళ్ళు చావింటి గడప తొక్కకూడదట, వాళ్ళ ఆచారం అది. మా అమ్మాయి ఆమని నాకు విడమరిచి చెప్పింది. కారణం తెలిసింది. కారణం తెలిస్తే కోపం పోవాలని ఎక్కడా రాసి లేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. పోయిన ఆగస్టులో ఒక పొద్దున కోపీ, అంటే ఇక్కడి కాఫీ, తాగడానికి పోతూ కమ్యూనిటీ క్లబ్బు హాలు తలుపు తెరిచి ఉంటే లోపలికి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

స్టేజీ మీద నాలుగు చేపల పెట్టెలు. ప్లాస్టిక్‌వి, బజారువి. వాటి మీద రెండు అల్యూమినియం నిచ్చెనలు అడ్డంగా. వాటి మీద ప్లైవుడ్ చెక్క. అన్నిటినీ గులాబీ రంగు ప్లాస్టిక్ తాడుతో, పార్సిలు కట్టినట్టు కట్టారు. పైన కుర్చీ. కుర్చీలో క్వెక్. డెబ్భై ఒకటో ఏట, వేషం చొక్కాకు వేలాడే మూర మూర పొడవున్న తెల్ల బట్ట చేతులు ఊపుతూ పాడుతోంది. ఊపినప్పుడల్లా ఒక నిచ్చెన కిర్రుమంటోంది. కింద ముగ్గురు తాళం వేస్తున్నారు.

ఆమె పడిపోతుందని నాకు దిగులు కలగలేదు. ఆ కట్టడమే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. రాగం తప్పిన పాట విని పాటగాడికి ఎలా ఉంటుందో అలా.

ఇంటికి వచ్చాను. రిటైరైనప్పుడు కంపెనీ నుంచి తెచ్చుకున్న ట్యాగుల కట్ట మంచం కింద ఉంది. ఒక ఎర్రది తీసి, తేదీ వేసి, సంతకం పెట్టి, వాళ్ళంతా మకాన్‌కు, అంటే తిండికి, పోయిన వేళ చూసి ఆ నిచ్చెనకు కట్టాను. ఇనుప తీగతో, మూడు మెలికలు. తర్వాత ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఆ మధ్య కాలంలో అంత బాగా తిన్న రోజు లేదు.

ఈ దేశంలో అట్టముక్క మీద సంతకం ఉంటే చాలు, ఎవరూ దాటరు. ఎవరు పెట్టారని కూడా అడగరు. క్లబ్బులో పనిచేసే ఆఫీసరు అమ్మాయి ట్యాగు చూసి రిహార్సలు ఆపించింది. స్టేజీ చుట్టూ పసుపు పట్టీ కట్టింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. మూడో రోజు సాయంత్రం క్వెక్ నా గేటు ముందుకు వచ్చి నిలబడింది. గీత గీసినట్టు, వేళ్ళు గడప దాటకుండా.

నన్ను ఆమె పేరు పెట్టి పిలవదు. లాకీ సూరమ్మ అంటుంది, అంటే సూరమ్మ మొగుడు. మేం మాట్లాడుకునేది బజారు మలయ్. అందులో మర్యాదలు లేవు. తిట్టుకోవడానికి చాలా అనువైన భాష.

"లాకీ సూరమ్మ. నా మేడకు ట్యాగు నువ్వే కట్టావా?"

"నేనే."

"నీ గేటుకు కట్టావు, ఊరుకున్నాను. గేటు నీది. మేడ నాది."

"అది మేడ కాదు. చేపల బజారు."

ఆమె నవ్వు ఆపుకుంది. నేను చూశాను. తర్వాత నెమ్మదిగా చెప్పింది. పున్నమి పండుగకు నాటకం, ఇంకా నెల ఉంది. మోకాళ్ళు అయిపోయాయి కాబట్టి తనకు ఇదే ఆఖరు వేషం. నలభై ఏళ్ళ కిందట మొదటిసారి కట్టిన వేషమే మళ్ళీ ఆఖరున కడుతోంది. మేడ మీద కూర్చుని పాడే వేషం. నేల మీద పాడితే ఆ నాటకానికి అర్థం లేదు. మేడ పనికిరాదంటే నాటకమే రద్దు అని ఆఫీసరు పిల్ల చెప్పేసింది.

"ట్యాగు తీసెయ్," అంది.

"కట్టడం మారితే ట్యాగు మారుతుంది. రూలు."

"అయితే మార్చు," అని తిరిగి వెళ్ళిపోయింది. బతిమాలుతుందని ఎదురు చూశాను. బతిమాలలేదు.

ఆమని వెనకే నిలబడి అంతా వింది. బ్యాంకులో పనిచేస్తుంది, గొంతు పెంచకుండా మాట్లాడటం అక్కడ నేర్చుకుంది.

"ఎనఫ్ లా, నాన్నా. గేటుకి రెడ్ ట్యాగ్, ఫుడ్ తెచ్చేవాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే నేను ఏమైనా అన్నానా? ఇది వేరే. ఆంటీకి ఇదొక్కటే మిగిలింది. అది కూడా పీకేశావు."

ఆ కట్టడం మీంచి పడితే తుంటి విరుగుతుందని చెప్పాను. అయితే ఆ మాట ఆంటీతో ఎందుకు అనలేదని అడిగింది. నేను టీవీ పెట్టుకున్నాను. అల్లుడు పృథ్వీ వరంగల్ వాడు. కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే అన్నాడు: "మామా, ఒక్క ముచ్చట జెప్తా. గా ట్యాగు తియ్యకు. మంచిగ కట్టి పచ్చది పెట్టు. నీకొచ్చిన పని గదే గదా."

వాడు చెప్పిన మాటల్లో నాకు నచ్చిన మొదటిది అది. పెళ్ళయి ఆరేళ్ళయింది.

మర్నాడు రసమట్టం, పానా, టేపు తీసుకుని క్లబ్బుకు పోయాను. ఆఫీసరు అమ్మాయి ముందు నా పాత సూపర్‌వైజరు కాగితాలు పరిచాను. నాలుగు మీటర్లు దాటితే లైసెన్సున్న కంట్రాక్టరు కావాలి, నేను ఆరడుగులు దాటను అని చెప్పాను. ఆమె రూలు పుస్తకం తీసి చూసింది. నేను చెప్పిందే రాసి ఉంది. నా కింద పనిచేసినవాడు ఇప్పుడు సొంతంగా పరంజాలు అద్దెకిస్తున్నాడు. ఫోను చేస్తే సాయంత్రానికి లారీలో గొట్టాలు, బిగింపులు, చెక్కలు దిగాయి. నన్ను చూసి, ఈ వయసులో ఏ ట్యాంకు కడుతున్నారని అడిగాడు. చక్రవర్తి మేడ అన్నాను. ఎండ తగిలిందేమో అన్నట్టు చూసి పోయాడు.

చేపల పెట్టెలు తీసి బయట పడేశాను. అవి చక్రవర్తివి. అంటే, చక్రవర్తి వేషం వేసే సెంగ్‌వి. బజారులో చేపల కొట్టు నడుపుతాడు. నా మీద అలిగి ఒక పూట మాట్లాడలేదు. తర్వాత వాడే గొట్టాలు అందించాడు. చక్రవర్తులకు చేతిలో పని ఉంటే మంచిది.

మేడకు ముందు భాగం కష్టం కాదు. వెనక మెట్లు కష్టం. మామూలుగా మెట్టు ఎత్తు ఎనిమిది అంగుళాలు. క్వెక్‌ను పిలిచి గోడ పక్కన నిలబెట్టి, కాలు ఎంత ఎత్తగలవో ఎత్తు అన్నాను. టేపు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. కుడికాలు ఎనిమిది ఎత్తింది. ఎడమకాలు ఆరు. ఇంకాస్త ఎత్తబోయి పళ్ళు బిగబట్టింది.

"ఎనిమిది రాసుకో," అంది.

ఆరు రాసుకున్నాను. ఆరడుగుల ఎత్తుకు పన్నెండు మెట్లు అయ్యాయి. రెండు వైపులా చేతికంచె. పైన కూర్చునే చోట అంచుకు అడ్డచెక్క, కాలు జారకుండా. అంతా అయ్యాక పైకెక్కి గెంతాను. కదల్లేదు. సెంగ్‌ను ఎక్కించి వాడిని కూడా గెంతమన్నాను. ఆఫీసరు అమ్మాయి కళ్ళు మూసుకుంది.

పని నాలుగు రోజుల్లో అయిపోయింది, పచ్చ ట్యాగు కట్టాను. కానీ బిగింపులు రోజూ చూడాలి. తాళాల మోతకు, గెంతులకు వదులవుతాయి. కాబట్టి రోజూ పోయాను. చూసేది బిగింపులనైనా చెవులకు మూతలు లేవు కదా. నాటకం కొంచెం కొంచెంగా నెత్తికెక్కింది. అర్థం కానిది సెంగ్ చెప్పేవాడు.

కథ ఇది. చాలా కాలం కిందట చీనా చక్రవర్తి కొలువులో ఒక ఆడమనిషి ఉండేది. పని కవిత్వం రాయడం. చక్రవర్తికి కొడుకు పుడితే కవిత్వం, పువ్వు పూస్తే కవిత్వం, గుర్రం చస్తే కవిత్వం. ఆమెకు చీనా పేరు ఉంది, నా నోరు తిరగలేదు. కవమ్మ అన్నాను. నాలుగు రోజుల్లో సమాజమంతా కవమ్మ అనడం మొదలుపెట్టింది.

కవమ్మకు ఒక్కడే అన్న. చక్రవర్తి తన పడవ షికారుకు కాలువ తవ్విస్తూ ఊళ్ళ నుంచి మగవాళ్ళను పట్టుకుపోయాడు. అన్న కూడా పోయాడు. గట్టు విరిగి మీద పడి కాలువ అడుగునే ఉండిపోయాడు. ఆ సంగతి కొలువులో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలుసునని ఎవరికీ తెలియదు. చక్రవర్తి పుట్టినరోజు వచ్చింది. మేడ మీద కూర్చుని, ఊదుబత్తి కాలేలోపల, కొత్త కాలువను పొగుడుతూ పాట కట్టాలని ఆజ్ఞ. కట్టలేకపోతే తల పోతుంది. కింద కొలువంతా ఊదుబత్తి వంక చూస్తూ ఉంటుంది. పాట ఇలా ఉంటుంది, సెంగ్ చెప్పినంత వరకు:

నీ పడవ చల్లగా సాగాలి ప్రభూ, నీళ్ళు లోతుగా ఉన్నాయి.
లోతు ఎంతో నాకు తెలుసు.
మా అన్న అడుగున నిలబడి కొలుస్తున్నాడు.
నువ్వు దాటే దాకా తల ఎత్తడు, అంత మర్యాదస్తుడు.

సగం పాట దాకా చక్రవర్తి తల ఊపుతూ ఉంటాడు. తర్వాత ఊపడం మానేస్తాడు. ఊదుబత్తి ఆఖరి బూడిద రాలేసరికి గుండె పట్టుకుని సింహాసనం మీంచి పడి చచ్చిపోతాడు.

నాకు కవమ్మ నచ్చింది. ఆ అన్న కూలివాడు, అందుకు కొంత. రెండోది, ఆమె మరిచిపోలేదు. అరవలేదు, ఏడవలేదు. తన పనిముట్టుతోనే పని పూర్తి చేసింది. ఇలాంటి మనిషితో కలిసి పనిచేయవచ్చు అనుకున్నాను.

కానీ ఆ తర్వాతి రంగం చూశాను. చక్రవర్తి కింద పడి ఉంటాడు. కొలువులో అందరూ పారిపోతారు. కవమ్మ మేడ దిగి వచ్చి, తన పై వస్త్రం తీసి వాడికి కప్పుతుంది. నాటకం అయిపోతుంది.

ఒళ్ళు మండింది. పానా కింద పడేసి క్వెక్ దగ్గరకు పోయాను. ఆమె మెట్టు మీద కూర్చుని మోకాలికి తైలం రాసుకుంటోంది.

ఎందుకు కప్పుతుంది, అన్నను చంపినవాడిని, అని అడిగాను. నాటకం అలాగే ఉంది అంది. మార్చమన్నాను. మూడు వందల ఏళ్ళుగా అలాగే ఆడుతున్నారని బుకాయించింది. అయితే మూడు వందల ఏళ్ళుగా తప్పు ఆడుతున్నారన్నాను. తాళం వేసేవాళ్ళు ఆపి మా వైపు చూశారు. ఆమె నోరు పెంచింది. నేనూ పెంచాను. కవమ్మ నిన్న మార్కెట్లో కనిపించినట్టే ఇద్దరం పోట్లాడుకున్నాం. అంత గొంతెత్తి నేను రెండేళ్ళలో ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ అనేశాను.

"పోనీ, చచ్చినవాడి దగ్గరికి ఆమె పన్నెండు మెట్లు దిగి వెళ్ళింది. నువ్వు ఏడు అడుగులు రాలేదు."

హాల్లో ఎవరికి ఏం అర్థమైందో తెలియదు. సెంగ్ మాత్రం అందరినీ కోపీకి తీసుకుపోయాడు.

క్వెక్ తైలం సీసాకు మూత పెట్టింది.

"తలుపు వెనకే ఉన్నాను," అంది. "సూరమ్మ శవపెట్టె లిఫ్టులోకి పోయేదాకా. కొత్త కోడలికి కీడన్నారు. రావాల్సింది. రాలేదు. క్షమించమని నిన్ను అడిగానా?"

"లేదు."

"అడగను. సూరమ్మకు నేను చెప్పుకుంటాను, నువ్వు మధ్యలో ఎవడివి? ఆ మేడ మీది మనిషి కూడా చక్రవర్తిని క్షమించలేదు. కప్పింది, అంతే. నువ్వు నాకు మేడ కట్టావు. నన్ను క్షమించావా?"

"లేదు."

"మరి?"

బిగింపు ఒకటి చూడాలని చెప్పి పైకెక్కాను. అది బిగించే ఉంది. ఇంకా బిగించాను.

మర్నాడు మామూలుగానే పోయాను. ఆమె మామూలుగానే పాడింది. మూడో మెట్టు కాస్త జారుతోందని చెప్పింది. గరుకు పట్టీ అంటించాను.

పున్నమికి ముందటి ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు నాటకం. క్లబ్బు అంతా కాగితం లాంతర్లు కట్టారు. ఆమని, పృథ్వీ ఆఫీసు నుంచి వచ్చినంత పద్ధతిగా తయారై వచ్చారు. ముందు వరసలో మధ్య కుర్చీలు రెండిటి మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి ఉన్నాయి. ఇక్కడ చోటు పట్టుకునే పద్ధతి అది, చోప్ చేయడం అంటారు. ఒకటి నాకని సెంగ్ కిరీటంతోనే వచ్చి చెప్పి పోయాడు. రెండోది ఎవరికని నేను అడగలేదు. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఆట మొదలయ్యే ముందు ఆఫీసరు అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. చక్రవర్తి మేడ స్తంభానికి, జనానికి ఎదురుగా, నా పచ్చ ట్యాగు వేలాడుతోందట. బంగారు కాగితాలు, ఎర్ర పట్టు, మధ్యలో ప్లాస్టిక్ ట్యాగు. వెనక్కి తిప్పుతారా అని అడిగింది. ట్యాగు ఎక్కేవాడికి కనబడాలి, చూసేవాడికీ కనబడాలి, రూలు అన్నాను. రూలు అనగానే పాపం వెళ్ళిపోయింది. ఆ రాత్రి చీనా చక్రవర్తి కొలువుకు భద్రత పరీక్ష అయినట్టు రెండు వందల మంది చూశారు.

క్వెక్ మేడ ఎక్కింది. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు నాకు వినబడింది. పన్నెండు. ఎడమకాలు ఎక్కడా ఆగలేదు. పైన కూర్చుంది. ముఖానికి తెలుపు, కళ్ళకు ఎరుపు, నెత్తిన అద్దాల కిరీటం. ఆమె డెబ్భై ఒకటి ఎక్కడ పెట్టి వచ్చిందో తెలియదు. కింద ఊదుబత్తి వెలిగించారు. కాగితం పరిచి కుంచె ఎత్తింది. తాళాలు ఆగిపోయాయి. ఒక్క తీగవాద్యం మిగిలింది.

పాడింది. రిహార్సల్లో ఇరవైసార్లు విన్నాను. అది ఇది కాదు. లోతు ఎంతో నాకు తెలుసు అన్నచోట గొంతు కిందికి దిగింది, దిగింది, ఇక దిగడానికి చోటు లేదన్నచోట ఆగి, అక్కడే నిలబడింది. తెల్ల చేతులు రెండూ నీళ్ళలా కిందికి జారాయి. బూడిద రాలింది. సెంగ్ గుండె పట్టుకుని పడ్డాడు.

నేను లేచి నిలబడ్డాను. చెయ్యి పైకెత్తాను.

"వన్స్ మోర్!"

ఎందుకు అన్నానో చెప్పాలి. మా ఊళ్ళో పద్య నాటకాలు ఆడేవారు. పద్యం బాగుంటే జనం లేచి వన్స్ మోర్ అనేవారు. అంటే నటుడు మళ్ళీ పాడాలి. అది వాడికి గౌరవం. మా నాన్న ముందు కూర్చుని అరిచేవాడు, నేను ఆయన పక్కన. యాభై ఏళ్ళుగా నా నోటికి ఆ మాట అవసరం రాలేదు. లోపల ఎక్కడ ఉందో, దానంతట అదే వచ్చింది.

ఇక్కడ ఆ పద్ధతి లేదు. రెండు వందల తలలు నా వైపు తిరిగాయి. ఆమని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఎవడో సన్నగా నవ్వాడు. తాళాలవాడు కర్ర గాల్లోనే పట్టుకుని మేడ వంక చూశాడు. నేను కూర్చుందామనుకున్నాను. ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడ్డాను.

క్వెక్ మేడ మీంచి కిందికి చూసింది. నన్ను చూసింది, పక్క కుర్చీ మీది టిష్యూ ప్యాకెట్టును చూసింది. తర్వాత కవమ్మ ముఖంతోనే, కవమ్మ గొంతుతోనే టియోచూలో ఏదో ఆజ్ఞ ఇచ్చింది. ఒకడు పరిగెత్తి కొత్త ఊదుబత్తి వెలిగించాడు. రెండో ఆజ్ఞ చచ్చిన చక్రవర్తికి. సెంగ్ ఒక కన్ను తెరిచాడు. ఆమె మళ్ళీ అంది. వాడు లేచాడు, పట్టుబట్టలు దులుపుకున్నాడు, కిరీటం సరిచేసుకున్నాడు, సింహాసనం మీద కూర్చుని మొదటి నుంచి తల ఊపడం మొదలుపెట్టాడు.

హాలు పగిలిపోయింది. నవ్వు, చప్పట్లు. పృథ్వీ ఈల వేశాడు. అల్లుడి మాటల్లో, చేతల్లో నాకు నచ్చినవి రెండయ్యాయి.

రెండోసారి ఆమె ఇంకా నిదానంగా పాడింది. నవ్వినవాళ్ళు పాటలో మొదటి పాదం దాటేసరికి ఆపేశారు. సెంగ్ కూడా రెండోసారి బాగా చచ్చాడు.

అందరూ పారిపోయాక కవమ్మ మేడ దిగి వచ్చింది. పై వస్త్రం తీసి చక్రవర్తికి కప్పింది. ఈసారి జాగ్రత్తగా చూశాను. జాలి లేదు, కోపం లేదు. అంచులు సరిచేసింది, కాళ్ళు బయట ఉంటే వాటినీ కప్పింది, ఒక అడుగు వెనక్కి వేసి సరిగ్గా ఉందా లేదా అని చూసుకుంది. పని అయ్యాక నేను చూసుకున్నట్టే.

తెర పడ్డాక వేషాల గదికి పోయాను. కిరీటం పిన్నులు తీయలేక తిట్టుకుంటోంది. సూరమ్మ కట్టినట్టు ఎవరూ కట్టడం లేదని సమాజం అందరినీ కలిపి తిడుతోంది. అద్దంలో నన్ను చూసింది.

"సూరమ్మ నాకు చెప్పింది," అంది. "ఈ గదిలోనే. మా ఆయన ఊళ్ళో పాట బాగుంటే మళ్ళీ పాడమంటారట, చచ్చినవాళ్ళు కూడా లేచి పాడతారట అని. చెప్పి పడీ పడీ నవ్వింది. నేను నమ్మలేదు."

"పద్యం బాగుండాలి," అన్నాను. "ఊరికే లేవరు."

ఆమె తల ఊపింది. నేను చేతులు తుడుచుకుని పిన్నులు తీశాను. పద్దెనిమిది ఉన్నాయి. తీయడం కష్టమేమీ కాదు. బిగించినవాడు ఏ వైపు తిప్పాడో చూసుకుంటే చాలు.

మర్నాడు మేడ విప్పేశాను. గొట్టాలు లారీ ఎక్కాయి. పచ్చ ట్యాగు జేబులో మిగిలింది. ఇంటికొచ్చాను. ఎర్ర ట్యాగు తీగ రెండేళ్ళ వానకు తుప్పు పట్టింది. చేత్తో రాలేదు, కటింగ్ ప్లేయరుతో కోయాల్సి వచ్చింది. దాని చోట పచ్చది కట్టాను. తేదీ వేశాను, సంతకం పెట్టాను. ఆమని ఆఫీసు నుంచి వచ్చి, ట్యాగు చూసి లోపలికి పోయింది. లోపల ఎవరికో ఫోను చేస్తున్నట్టు వినబడింది.

పావుగంటలో ఎదురు తలుపు తెరుచుకుంది. క్వెక్ ఆరు నారింజలతో వచ్చి గీత దగ్గర నిలబడింది. కళ్ళజోడు పెట్టుకుని ట్యాగు మొత్తం చదివింది.

"ఏడు రోజులేనా?"

"రూలు. ఏ పరంజాకైనా అంతే."

"తర్వాత?"

"తనిఖీ చేస్తాను. బాగుంటే మళ్ళీ సంతకం."

చెప్పులు విప్పి గడప దాటింది. సూరమ్మ ఫోటో ముందు నిలబడి టియోచూలో మాట్లాడింది. చాలాసేపు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి నా వైపు వేలు చూపించింది. తర్వాత కూర్చుని కోపీ అడిగింది. నేనే పెట్టాను. తాగింది. ఇంత చెడ్డ కోపీ ఈ బ్లాకులో ఎవరూ పెట్టరని చెప్పింది. ఆదివారం వచ్చి ఎలా పెట్టాలో చూపిస్తానంది.

క్షమించావా అని మళ్ళీ అడగలేదు. అడిగితే జవాబు అదే.

ఇప్పుడు డిసెంబరు, రోజూ వాన. మొన్న ఆదివారానికి పద్నాలుగు సంతకాలు అయ్యాయి. ట్యాగు మీద చోటు అయిపోయింది. కొత్తది కట్టాలి. మంచం కింద కట్టలో పచ్చవి ఇంకా ముప్పై ఉన్నాయి. లెక్కపెట్టాను.